కంచరగాడిద చచ్చిన ఏడు

దక్షిణ ఇటలీలో, లుకానియా కొండల్లోని మా ఊళ్ళో కానియో కుటుంబానిది కొండను తొలిచిన ఒకే గది. ముందు మంచం, వెనక గడ్డి, గడ్డి మీద కంచరగాడిద. చలికాలంలో దాని ఊపిరే వాళ్ళకు కుంపటి. కూతురు రొక్కీనాకు అప్పుడు పదకొండేళ్ళు.

సరిగ్గా గోధుమ విత్తే అదనులో గాడిదకు కడుపుశూల పట్టింది. కానియో దానికి నూనె తాగించాడు, వీధంతా నడిపించాడు. సాయంత్రానికి అది కాళ్ళు బారజాపింది. దాని మెడ మీద పడి అతను ఏడ్చిన ఏడుపు గోడ ఇవతల మాకు వినబడింది.

"కిందటేడు నా కొడుకు పోతే నీ కంట చుక్క రాలేదు," అంది భార్య విన్చెంజా.

"పిల్లలు మళ్ళీ పుడతారే. గాడిదను ఎవరు కనిస్తారు?"

అప్పటికి విన్చెంజాకు నాలుగో నెల.

పొలం దొరది. బీడు పెడితే ఇంకొకరికిస్తానని అతని పెత్తందారు కబురు పెట్టాడు. అదనులో ఎవరి గాడిద వాళ్ళకే చాలదు. కానియో తల్లీకూతుళ్ళ భుజాలకు తాడు కట్టి, కొయ్య నాగలి పట్టాడు.

పక్క చేలో నాతో ఉన్న నిక్కోలా ఊరుకోలేదు. "ఏం కానియో, కొత్త జతా? డొక్కలు కనబడుతున్నాయి, కాస్త మేత వెయ్యరాదూ?"

"నవ్వకు మామా," అంది రొక్కీనా. "నువ్వు నవ్వితే మా నాన్న ఇంకా గట్టిగా తోలతాడు."

మధ్యాహ్నం విన్చెంజా చాల్లోనే కూలబడింది. కడుపు పోయింది. రొక్కీనా తన శాలువ తీసి తల్లికి కప్పింది.

"చాలు నాన్నా."

కానియో మబ్బుల వంక చూశాడు. "వాన పడితే నేలలో దిగలేం. ఇంకో నాలుగు చాళ్ళు, తల్లీ." అడుక్కుంటున్నట్టే అన్నాడు. ఆ పిల్ల ఒక్కతే లాగింది.

గోధుమ పలచగా మొలిచింది. పండింది దొర వాటాకే సరిపోయింది, పొలమూ పోయింది. కడుపు పోయిన నాటినుంచి విన్చెంజాను జ్వరం వదల్లేదు. కోతలయ్యాక కానియో కూతుర్ని కూలీల అడ్డాలో నిలబెట్టాడు. మైదానం నుంచి వచ్చిన మేస్త్రీ ఆమె భుజాలు నొక్కి చూశాడు. ఏడాదికి తిండి, ఒక బస్తా గోధుమలు.

"అమ్మకు జ్వరం తగ్గాక వచ్చేస్తాను కదూ?"

"వద్దువుగానిలే."

జ్వరం తగ్గలేదు. క్రిస్మస్‌కు ముందే విన్చెంజాను పూడ్చాం. కబురు అందేసరికి రొక్కీనా వచ్చి చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

తర్వాత కూడా ఆమె ఊరికి రాలేదు. కానియోనే ఏటా ఆమె జీతం గోధుమల కోసం కొండ దిగేవాడు. కూతురు బస్తా ఎత్తి అతని వీపు మీద పెట్టేది.

"కుదురుగా ఉందా, నాన్నా?"

"ఉంది."

అంతే, వెనక్కి పనిలోకి వెళ్ళిపోయేది.