ఇచ్ఛాపురం దాటాక

టాటా ఊరి పక్కన గమ్హరియాలో నేను ఫిట్టరుగా చేస్తున్న కాంట్రాక్టు అయిపోయిన నెలలోనే మా ఆవిడ ఆ మాట అంది. ఇక్కడే పుట్టి పెరిగినా బజారులో మనల్ని మద్రాసీలనే అంటారు, శ్రీకాకుళం వైపు వెళ్లిపోదాం, అక్కడ మనం ఎవరమో చెప్పుకోనక్కర్లేదు అని. మా నాన్న అటునుంచే ఉక్కు కార్ఖానాలో పనికి వచ్చాడు. ముందు అద్దెకు ఇల్లు చూసుకుందామని మేముండే బిర్సానగర్ నుంచి మా పాత కారులో ఇద్దరమే బయల్దేరాం.

కెందుఝర్ దాటాక టైరు పంక్చరైంది. బాగుచేసే ఒరియా ఆయన కారు నంబరు చూసి టాటా నుంచా అని హిందీలో అడిగాడు. కుర్రతనంలో రెండేళ్లు టాటాలో పనిచేశాడట. ఎండలో ఎందుకని మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టాడు. వాళ్లమ్మ చద్దన్నంలో పెరుగు పోసి, వేయించిన వడియాలు పెట్టింది. మా ఆవిడ అడిగి మరీ మారు వడ్డించుకుంది. మేం ఏ భాషవాళ్లమో వాళ్లు అడగనే లేదు. పరాయివాళ్లే ఇంతగా చూస్తే మనవాళ్లు ఇంకెంత బాగా చూస్తారో అంది కారెక్కాక. నేనూ అలాగే అనుకున్నాను.

ఇచ్ఛాపురం దగ్గర తెలుగు బోర్డులు మొదలయ్యాయి. మా ఆవిడ హిందీ బడిలో చదువుకున్న మనిషి, అక్షరాలు కూడబలుక్కుంటూ ఒక్కొక్కటీ పైకి చదివింది.

శ్రీకాకుళంలో మొదటి లాడ్జిలో ఆమే అడిగింది. "బాబూ, పంఖా ఉన్న కమ్రా ఏదైనా ఉందేటి?"

కౌంటరు దగ్గరి మనిషి అద్దంలోంచి మా కారు నంబరు చూశాడు. గదులు లేవని హిందీలో చెప్పాడు. తెలుగులో అడిగితే హిందీలో చెబుతావేమని అన్నాను. మీకు అర్థం కావాలని అంటూ ఫోనులోకి తలదించుకున్నాడు. మేం మెట్లు దిగుతుంటే, మా వెనక వచ్చినవాళ్లకు తాళం ఇస్తున్నాడు.

రెండు రోజులు ఇళ్లు చూశాం. ఒకటి నచ్చింది. రెండు గదులు, పెరట్లో కుళాయి. పొయ్యి ఎక్కడ పెట్టాలో కూడా మా ఆవిడ అనుకుంది. ఇంటామె మంచినీళ్లిచ్చి, ఎక్కడ్నుంచి వత్తన్నారని అడిగింది.

"మాది టాటా అమ్మా. మా మావగారిది ఈ పక్క ఊరే."

"ఆ ఊళ్లో మీవోళ్లెవులున్నారు?"

"ఇప్పుడెవులూ లేరు."

"అదే మరి. మాట మనదే గానీ మీరు ఆ దేశపోళ్లు. రేపు ఏదైనా అయితే మేం ఎవుల్ని అడగాల?"

ఆమె మాటలో విసురు లేదు. మా ఆవిడ గ్లాసు అరుగు మీద పెట్టి కారు దగ్గరికి నడిచింది.

వెనక్కి వచ్చేశాం. నేను మళ్లీ గమ్హరియాలోనే చిన్న షెడ్డులో రోజుకూలీకి చేరాను. వెళ్లిపోదామన్న మాట ఆమె తర్వాత ఎత్తలేదు. ఇంట్లో నాతో హిందీలోనే మాట్లాడుతోంది. నేను తెలుగులో ఏదడిగినా హిందీలోనే జవాబు. ఒకరోజు ఎందుకలా అని అడిగాను. తెలుగు ఎవరికోసం మాట్లాడాలంటూ, అదీ హిందీలోనే అడిగి, రొట్టెల పిండి కలపసాగింది.