పేరు చెప్పకపోతే చిలమత్తూరే

మా గుమ్మఘట్ట మండలంలో ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల వాన పడిన మరునాటి పొద్దున, "మీ మండలంలో వర్షం: సున్నా" అని రైతుల ఫోన్లకు మెసేజ్ పోయింది. కొలిచింది నేను. సరిగ్గానే కొలిచాను, సరిగ్గానే పంపాను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత మూడు వారాల పాటు దీన్ని నమ్మినవాళ్లు లేరు.

రైతుల సంఘం గోదాము మిద్దె మీద వాన కొలిచే గొట్టం ఉంది. రోజూ ఏడింటికి మెట్లెక్కి, నీళ్లు కొలిచి, అంకెను ఫోన్లో రాయదుర్గంలోని సంఘం ఆఫీసుకు పంపడం నా పని. అక్కడ కంప్యూటర్ దాన్ని అందుకుని ఎనిమిదిన్నరకు మెసేజ్ పంపుతుంది. మా ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ మెసేజ్ అవసరం లేదు, కాళ్ల కింద బురద చాలు. అది బతుకుదెరువుకు బెంగళూరు పోయినవాళ్ల కోసం. అంకె చూసి, సెలవడిగి, బస్సెక్కి వచ్చి, పదును ఆరకముందే విత్తుకుని పోతారు.

చనిపోయిన మా తమ్ముడి భార్య అట్లాంటిదే. బెంగళూరులో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఊళ్లో నాలుగెకరాల ఎర్రనేల, గోనెసంచుల్లో శెనక్కాయ విత్తనం. ఆ సున్నా చూసి ఆమె రాలేదు. నేనూ ఫోన్ చేయలేదు, మెసేజ్ పోతుంది కదా అనుకున్నాను. నాలుగో రోజు ఎవరో చెబితే తెలిసింది ఆమెకు. అప్పటికి గాలి తోలి నేల పెంకులా గట్టిపడింది.

"ఏం బావా, గొట్టం దగ్గర నువ్వుండాదే నాకు ధైర్యం అనుకుంటి గదా," అంది ఫోన్లో. "వానొచ్చిందని ఒక మాట చెప్పేదానికి నోరు రాలేదా నీకు?"

"నేను ముప్పై ఎనిమిది అని పంపినానమ్మా."

"నాకు సున్నా వచ్చింది. ఇంగొక్క వాన తప్పితే ఈ ఏడు చేను బీడే. ఇత్తనం ఉడకేసుకొని తినాల్సిందే."

టీ అంగడి దగ్గర ఇంకో తంతు.

"ఏమన్నా, గొట్టం తలకిందులుగా పెట్టినావంట?"

"లేదప్పా, కండ్లద్దాలు మర్సిపోయి మెట్లెక్కినాడంట!"

ఆఫీసుకు రాశాను. "మీ ఫిర్యాదు అందింది. గొట్టం నిటారుగా ఉన్నదీ లేనిదీ సరిచూసుకోగలరు" అని జవాబు వచ్చింది. నాకు ఒళ్లు మండింది. యాభై ఏళ్లు బోరు మోటార్లు విప్పి చుట్టినవాణ్ణి. అయిదో తరగతితో బడి మానేసి, మోటారు పెట్టెలో వచ్చే ఇంగ్లీషు కాగితాలు అక్షరం అక్షరం కూడబలుక్కుని పని నేర్చుకున్నాను. అరవై దాటాక కంప్యూటరూ అలాగే పట్టుబడింది. నిటారు అంటే ఏమిటో నాకు చెబుతారా?

కానీ కోపం రెండు రోజులకు చల్లారింది. దాని కింద ఇంకోటి మిగిలింది: అసలు ఆ సున్నా ఎక్కణ్ణుంచి వచ్చింది? మోటారు తిరగకపోతే ఎక్కడో తీగ తెగి ఉంటుంది. కానీ ఈ మోటారు తిరుగుతూనే ఉంది, నీళ్లు మాత్రం పోయడం లేదు.

పదిరోజులకు చిన్న జల్లు పడింది. నా గొట్టంలో పదకొండు. మెసేజ్‌లో ఆరు. సున్నా అయితే ఏదో పోయిందనుకోవచ్చు. ఆరు పోయినది కాదు, ఎవరిదో ఒకరి ఆరు. ముదిగుబ్బలో గొట్టం చూసే గొర్రెల కాపరికి ఫోన్ చేశాను.

"మాకాడ చుక్క లేదన్నా," అన్నాడు. "మెసేజ్‌లో మాత్రం ఆరంట. ఆ వాన యాడ పడిందో నువ్వన్నా చెప్పు, గొర్రెల్ని ఆడికి తోలుకపోతా."

మా సంఘానివి మూడే మండలాలు. మూడోది చిలమత్తూరు. అక్కడి మనిషిని అడిగితే, "ఆరే పడింది, ఆరే వచ్చింది, ఏమి ఇప్పుడు?" అన్నాడు. చిలమత్తూరు వాన మా ముగ్గురి నోళ్లలోనూ పలుకుతోందన్నమాట.

నా నోటుపుస్తకం తీశాను. అందులో రెండు గళ్లు ఉంటాయి, ఒకటి వానకు, ఒకటి కరెంటుకు. కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది రాయడం మోటార్ల నాటి అలవాటు, చేయి ఊరుకోదు. చూస్తే, మెసేజ్ తప్పిన ఆ రెండు రోజులకూ ముందటి సాయంత్రం ఉరుములకు కరెంటు పోయి ఉంది. రాయదుర్గానికీ మాకూ ఒకటే లైను. వాన లేని రోజుల్లో కరెంటూ పోలేదు, మెసేజూ తప్పలేదు. ఏడాది పొడుగునా నిజం చెప్పి, నిజం కావలసిన రోజునే అబద్ధం ఆడే యంత్రం ఇది!

సంఘం వాళ్లు ఆ మెసేజ్ పంపే ప్రోగ్రాం రాతనంతా ఎవరైనా చూసుకునేలా నెట్‌లో పెట్టారు. కూర్చున్నాను. వాళ్లు వాడేదాన్ని కంటైనర్ అంటారట. పేరు వినగానే హైవే మీద పోయే లారీలు గుర్తొచ్చాయి గానీ, ఇది మూట లాంటిది. ప్రోగ్రామునూ దానికి కావలసిన సామానునూ కలిపి కట్టేస్తారు, ఏ కంప్యూటర్లో విప్పినా ఒకేలా నడవాలని. ఆ మూట ఎలా కట్టాలో చెప్పే కాగితం పదిహేను వరుసలు కూడా లేదు. చివరి రెండు వరుసల దగ్గర నా కళ్లు ఆగాయి.

ఒక వరుస, మూట లేవగానే, అంటే ప్రోగ్రాం నడవడం మొదలవగానే, ఏ పని మొదలుపెట్టాలో చెబుతుంది. అది మారదు. దాని కింది వరుస, ఆ పనికి ఏ మాట అందించాలో చెబుతుంది. లేపేవాళ్లు తమ మాట ఇస్తే అది నడుస్తుంది, ఏమీ ఇవ్వకపోతే ఇక్కడ రాసిపెట్టిన మాటే. టీ అంగడివాడి పద్ధతి. నోరు తెరవని మనిషికి చక్కెర టీ ఇస్తాడు, వద్దంటేనే మానేస్తాడు. ఆ కింది వరుసలో రాసి ఉంది: చిలమత్తూరు.

నా పాత లాప్‌టాప్‌లో ఆ మూట కట్టి చూశాను. గుమ్మఘట్ట అని పేరిచ్చి లేపితే మా అంకె. ముదిగుబ్బ అంటే వాళ్ల అంకె. పేరివ్వకుండా లేపితే చిలమత్తూరు. మళ్లీ లేపాను, మళ్లీ చిలమత్తూరు. పట్టుబడిన దొంగను చూసినంత సంతోషం. ఏడెనిమిది సార్లు ఊరికే లేపి చూసుకున్నాను.

మరి పేరివ్వకుండా లేపేది ఎవరు? పక్కనే ఇంకో చిన్న రాత దొరికింది. కరెంటు పోయి వచ్చినప్పుడు, మండలానికి ఒకటి చొప్పున ఉన్న మూడు మూటలనూ వాటంతట అవే లేపడానికి రాసినది. అందులో ఎవరెవరి ఫోన్లకు పంపాలో ఉంది, ఏ మండలం అన్నది లేదు. ఆఫీసులో పనిచేసే అమ్మాయి పదింటికి వచ్చి, రోజువారీ అలవాటుగా మూడింటినీ ఆపి, పేర్లిచ్చి మళ్లీ లేపుతుందని తర్వాత తెలిసింది. మెసేజ్ పోయేది ఎనిమిదిన్నరకు. ఆమె కూర్చునే సరికి అంతా సవ్యం. తప్పు ఆమె కంటపడే దారే లేదు.

మళ్లీ ఉత్తరం రాశాను, ఈసారి నోటుపుస్తకం పేజీల ఫోటోలతో. లేపే రాతలో పేర్లు చేర్చండి అన్నాను. అంతటితో ఆగలేదు. ఆ చిలమత్తూరును కూడా పీకేయండి అన్నాను. గొర్రుతో విత్తేటప్పుడు విత్తనం పడకపోతే వెనక నడిచే మనిషికి తెలిసిపోతుంది, ఎద్దుల్ని ఆపుతాడు. మీ గొర్రు వట్టిగా పోకుండా ఎవరో ముందే వేరే విత్తనం నింపి పెట్టారు, అందుకే ఎవరూ ఎద్దుల్ని ఆపలేదు. పేరు తెలియకపోతే నోరు మూసుకొమ్మనండి దాన్ని. పక్కూరి వాన చెప్పడం కన్నా మౌనం మేలు.

వారం పాటు జవాబు లేదు. ఎనిమిదో రోజు సాయంత్రం ఉరిమింది, కరెంటు పోయింది, వాన దంచింది. పొద్దున గొట్టంలో ఇరవై తొమ్మిది. పంపాను. ఎనిమిదిన్నర అయింది. మెసేజ్ రాలేదు. తప్పు అంకె కూడా రాలేదు! ఈసారి మళ్లీ మెసేజ్‌ను నమ్ముకుని కూర్చోలేదు, మరదలికి ఫోన్ కలిపాను.

"ఇరవై తొమ్మిదమ్మా. రా."

"నిజమేనా బావా? మెసేజ్ రాలేదే?"

"గొట్టం నా చేతిలో ఉండాది."

ఫోన్ పెట్టేసింది. పది దాటాక మళ్లీ ఆమే చేసింది. "బస్సెక్కినా. ఇప్పుడే మెసేజ్ కూడా వచ్చింది, ఇరవై తొమ్మిదంట. గొర్రు మాట్లాడిపెట్టు, రేపు పొద్దున్నే ఇత్తాల."

గొర్రు మాట్లాడి ఇంటికొచ్చేసరికి ఆఫీసు నుంచి జవాబు వచ్చి ఉంది. ఈసారి యంత్రం రాసినట్టు లేదు, పదింటికి వచ్చే ఆ అమ్మాయే రాసింది.

"పెద్దాయనా, మీరు చెప్పిందే నిజం. మాది చిలమత్తూరు. మా నాయన రోజూ పొద్దున్నే ఫోన్ చేసి మనూళ్లో ఎంత వానని రాసినారు అని అడుగుతాడు, అందుకని ప్రోగ్రాం సరిచూసుకునేటప్పుడు మా ఊరి పేరే పెట్టుకున్నాను, తీయడం మరిచిపోయినాను. మొన్న తీసేసినాను. లేపే రాతలో పేర్లు చేర్చాలని నిన్న సాయంత్రం కూర్చుంటే అంతలోనే కరెంటు పోయింది. ఈ పొద్దు వచ్చి చూస్తే మూడూ లేవకుండా 'ఏ మండలమో చెప్పండి' అని నిలబడి ఉన్నాయి. పేర్లిచ్చి నేనే లేపినాను, మీకు ఇరవై తొమ్మిది అని పోయింది. పోయిన వానకు విత్తలేకపోయినవాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. గొట్టం నిటారుగా ఉందా అని అడిగినందుకు మాత్రం తప్పైపోయింది. మీ నోటుపుస్తకంలో కూడా ఇరవై తొమ్మిదే కదా?"