కుంకుడు రసంలో కడిగిన నాణెం

నేను మొండిదాన్ని. కెనడాలోని మిస్సిసాగాలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. చుక్క తేడా కనిపించినా బ్యాచ్ మొత్తం ఆపేసేదాన్ని. అమెరికా టంకశాల తొలినాళ్లలో కొట్టిన ఐదు డాలర్ల బంగారు నాణెం ఒక్కటైనా సంపాదించాలని పంతం పట్టింది కూడా ఆ రోజుల్లోనే. అందరూ రెండో ఇల్లు కొంటుంటే నువ్వు నాణెం వెంట పడ్డావని మావారు ఎగతాళి చేసేవారు.

అవి ఎందుకంత అరుదో తెలిశాకే నాకు వాటి మీద మనసైంది. ఒక దశలో వాటి మీద రాసిన విలువ కన్నా లోపలి బంగారమే ఎక్కువ ధర పలికింది. ఇంకేముంది, మూటలకు మూటలు కరిగించేశారు. ఎవరో ఎక్కడో దాచి మరిచిపోయినవే మిగిలాయి. కంసాలి మూసను తప్పించుకున్న అలాంటి మొండి నాణెం ఒకటి నా దగ్గర ఉండాలనిపించింది.

పదకొండేళ్లు నాణేల ప్రదర్శనలు తిరిగాను. మంచు పడుతున్నా 401 హైవే మీద కారు తీశాను. కొన్ని నకిలీలు తగిలాయి, కొన్ని ఎవరో గొలుసుకు వేసుకోవడానికి కొక్కెం అతికించి పీకేసినవి. చివరికి మా ఊరి పక్కనే, ఎటోబికోలో ఒక ముసలి వ్యాపారి దగ్గర దొరికింది. టోపీ పెట్టుకున్న స్త్రీ బొమ్మ, బుగ్గ కాస్త అరిగింది. కానీ దాన్ని ఎవరూ తోమలేదు. పుట్టినప్పటి నుంచి పట్టిన మసక అలాగే ఉంది. విలువంతా ఆ మసకలోనే. అసలుదేనని పరీక్షించినవాళ్లు దాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేశారు.

కొత్త వస్తువు ఏది కొన్నా ముందు దేవుడి దగ్గర పెట్టడం మా అలవాటు. తెచ్చి పూజ అలమరలో పెట్టాను. తప్పు అక్కడే మొదలైంది. మర్నాడు వరలక్ష్మీ వ్రతం. ఏటా నేను బూరెల పనిలో ఉంటే, నగలు కుంకుడు రసంలో కడిగిపెట్టేది మావారే.

నేను వంటింట్లోంచి వచ్చేసరికి అమ్మవారి ముందు నా నాణెం ధగధగా మెరుస్తోంది. నట్టనడుమ కుంకుమ బొట్టు.

"దీని పెట్టె ఏదండీ?"

"స్క్రూడ్రైవర్‌తో ఓపెన్ చేశా. అమ్మవారి ముందు ప్లాస్టిక్ ఏంటి? మురికి పట్టేసింది, టూత్‌బ్రష్‌తో బాగా రుద్దా. చూడు, ఎంత కొత్తగా ఉందో!"

ఆయన ముఖంలో సంతోషం చూసి నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. వ్రతం పూర్తయ్యేదాకా కోపం బిగపట్టాను. తర్వాత మాత్రం ఆపుకోలేదు.

వారం తర్వాత ఇద్దరం ఎటోబికో వెళ్లాం. వ్యాపారి భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒళ్లంతా సన్నటి గీతలు. ఇలా తోమినదాన్ని సేకరించేవాళ్లు పక్కన పెట్టేస్తారని, తనకే అమ్మేసి మరొకటి వెతుక్కోమని చెప్పాడు.

"అమ్మేయ్. అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ నా మీద నీ కోపం పోదు," అన్నారు మావారు తలవంచుకుని.

"అమ్మను," అన్నాను. అన్నేళ్లు మూసకే లొంగని దాన్ని మా ఇంటి కుంకుడుకాయ ఓడించిందంటే నేను ఒప్పుకోను. పైగా దేవుడి దగ్గర పెట్టింది నేనే కదా. ఆ మాట ఆయనతో అనడానికి నాకు ఇంకో నెల పట్టింది.

ఏడాది తిరిగింది. మొన్న శ్రావణ శుక్రవారం మావారు తెల్లటి గ్లవ్స్ తొడుక్కుని, నాణేన్ని అంచులు పట్టుకుని తెచ్చి బియ్యం మీద పెట్టారు. కుంకుమ భరిణె వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. నాకు నవ్వొచ్చింది. నేనే వేలు ముంచి దానికి బొట్టు పెట్టాను.

తోమని నాణెం కోసం మళ్లీ తిరుగుతున్నాను. ఇప్పుడు కారు డ్రైవ్ చేసేది ఆయనే. అది దొరికిన రోజున దేవుడికి గుమ్మం దగ్గర నుంచే చూపిస్తాను.