యాదగిరులు ముగ్గురూ ఒక్కరైన రోజు

ఆ రోజుల్లో ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేవు, నాకు అనుమానాలు లేవు. నాచారంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ప్రొబేషన్ మీద చేరి మూడు నెలలైంది, అప్పటికే అన్నీ తెలిసిపోయాయి. పక్క వీధి ఫ్యాక్టరీకి కార్మికుల హాజరు ప్రోగ్రాం పైథాన్‌లో రాయాలి. పట్టికలోని ఒక్కో వరసను ఒక్కో మనిషిగా మార్చి చూపించడానికి ఏ లైబ్రరీ (ఎవరో ముందే రాసిపెట్టిన కోడు) వాడాలన్నదే తగువు. మా సీనియర్ (అందరం 'బావ' అనేవాళ్లం, ఆయన ఎవరికీ బావ కాడు) పాతదే చాలన్నాడు. నేను వారం రోజులు దొరికిన మూడు లైబ్రరీలతోనూ రాసి చూసి, కొత్తదే కావాలని పట్టుబట్టాను. పట్టిక స్వరూపమంతా అందులో ఒక్కచోట రాస్తే చాలు. ఒకే మనిషి రెండుసార్లు కనబడినా పసిగట్టి ఒక్కడినే ఉంచుతుంది. డెమో బాగుంటేనే పర్మినెంట్ చేస్తానని బాస్ ముందే చెప్పేశారు.

మనిషిని గుర్తుపట్టడానికి పేరు, పుట్టినతేదీ చాలని తేల్చింది నేనే (ఫ్యాక్టరీ ఒక్కో కార్మికుడికీ ఇచ్చే టోకెన్ నంబరు గడి అనవసరమని కొట్టేసిన మేధావి కూడా నేనే). తీరా ఫ్యాక్టరీలో మేనేజరు, మా బాస్ ముందు మీట నొక్కితే, యాదగిరి అనే ఒక్క కార్మికుడు అదే రోజు, అదే షిఫ్టులో వెల్డింగు దగ్గరా, గోదాములోనూ, సెలవులోనూ ఉన్నాడు. మేనేజరు నవ్వలేదు. బావ ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాడు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. అప్పుడు టైమాఫీసులో హాజరు రాసే ముసలి గుమాస్తా నిమ్మళంగా చెప్పాడు.

“యాదగిరులు ముగ్గురున్నరు సార్. ఒక్క ఊరోళ్లే, ఒక్క బడే. పంతులు ముగ్గురికీ పుట్టినతేదీ జూన్ ఒకటే రాసిండు. సంవత్సరం గూడ అందాజ మీద ఒక్కటే ఏసిండు.”

తప్పు లైబ్రరీదని బావ అనబోతుంటే, కాదు, నాదేనని చెప్పాను. టోకెన్ నంబరు చేర్చి, మనిషిని దానితోనే గుర్తుపట్టమని మార్చాను. అంతా ఒక్కచోటే ఉంది కాబట్టి వాళ్లు టీ తాగి వచ్చేలోపు పని ముగిసింది. పాతదానిలో అయితే ఎన్నిచోట్ల తడుముకునేవాణ్ణో! తెరమీద ముగ్గురు యాదగిరులూ వేరువేరుగా నిలబడ్డారు. ఆ ఎంపిక నాకు ఇవాళ్టికీ గర్వమే, దాచుకోను. బావ నా వీపు తట్టి, “మంచిదే పట్టినవ్ తమ్మీ” అన్నాడు. బాస్ అందరి ముందే నన్ను పర్మినెంట్ చేశారు.

నేల మీద కాళ్లు ఆనకుండా బయటికొస్తుంటే, సంగతి అప్పటికే తెలిసిన వెల్డింగ్ యాదగిరి గేటు దగ్గర ఆపాడు.

“సార్, నేను అసల్కు ఏ దినం పుట్టిన్నో మీ కంప్యూటర్ల తెలుస్తదా?”

వేళాకోళమనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. ఆ పూట నాకు చేతకానిదంటూ లోకంలో లేదు కనుక, తప్పకుండా చూసి చెబుతానన్నాను. ఆయన నమ్మేశాడు, చెయ్యి కలిపి సంతోషంగా లోపలికి వెళ్లాడు. ఏ కాగితంలోనూ లేని తేదీకి అంత గట్టిగా మాటిచ్చిన అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత యాదగిరి ముఖం గుర్తొస్తుంది.