అక్క బిగించిన ఇంజను

మా అక్కను వీధిలో అందరూ సీట్లమ్మ అంటారు. కార్లకూ వ్యాన్లకూ సీటు కవర్లు కుడుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇంటి ముందు గదిలో ఆమె కుట్టుమిషను, వెనక రేకుల షెడ్డులో మా బావ మెకానిక్ పని. వీధి మొదట్లోకి రాగానే ముందు గదిలో టకటక, వెనకాల టంగుటంగు కలిసి వినబడేవి. మాటల్లో ఎంత పోట్లాడుకున్నా ఆ రెండు చప్పుళ్లూ మాత్రం ఎప్పుడూ జోడీ తప్పేవి కావు.

బావకు పక్షవాతం వచ్చాక వెనక చప్పుడు ఆగిపోయింది. కాలు త్వరగానే స్వాధీనంలోకి వచ్చింది. మాట కాస్త ముద్దగా ఉన్నా అర్థమయ్యేది. కుడిచెయ్యి మాత్రం కదిలేదే గాని పట్టు లేదు. గ్లాసు ఇస్తే జారిపోయేది. షెడ్డుకు తాళం పడింది. ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వచ్చేపోయే బళ్ల చప్పుడు వినేవాడు. "ఆ ఆటోకి బేరింగు పోయింది" అనేవాడు ఎప్పుడైనా. మిగతా పొద్దంతా మౌనం. నోరు విప్పితే అక్క మీద విసుగు. అక్క "ఆ, సరే" అని మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేది.

నాకో పికప్ బండి ఉంది. టర్బో డీజిల్. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోస్తుంటాను. ఆ రోజు మిట్ట మీద కట్టిన కొత్త ఇళ్లకు బీరువాలు తీసుకెళ్తున్నాను. సగం ఎక్కేసరికి బండి ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టింది. చూస్తే వేడి ముల్లు ఎర్రగీత దగ్గరికి పాకుతోంది. వెంటనే పక్కకు తీసి ఆపేశాను. కుక్కరు మూత ఎత్తినట్టు పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి. బానెట్ ఎత్తితే నీళ్ల డబ్బాలో బుడబుడమని బుడగలు.

మిట్ట కింద ఒక గ్యారేజీ ఉంది. దాని యజమానిని అందరూ మీసాలాయన అంటారు. వచ్చి ఒక్క చూపు చూసి పెదవి విరిచాడు.

"ఇంజను అయిపోయింది తమ్ముడూ. విప్పడం దండగ. వేరే ఇంజను ఎక్కించుకో."

 బీరువాలు వేరే బండిలోకి మార్పించి, నా బండికి తాడు కట్టించుకుని అక్క ఇంటికి చేరాను. బాగు చేయించుకుందామని కాదు, బావ నోటంట ఒక్క మాట విందామని.

బావ గోడ పట్టుకుని మెల్లగా బయటికొచ్చాడు. ఎడమచేత్తో ఆయిలు మూత తిప్పి తీశాడు. మూత అడుగున నూనె నల్లగా లేదు, మీగడలా తెల్లగా పేరుకుని ఉంది. దాన్ని వేలితో తీసి చూసి, "గాస్కెట్టు" అన్నాడు.

"ఇంజను పోలేదా బావా?"

"నీ మొహం. ఇంజనుకి తల వేరు, మొండెం వేరు. మధ్యలో ఉండే పల్చటి పొర పోయింది. నీళ్లు నూనెలో కలుస్తున్నాయి. పొర మారిస్తే లేచి పరిగెడుతుంది." ఆ క్షణంలో ఆయన మొహం పాత మొహంలా వెలిగింది. మళ్లీ అంతలోనే ఆరిపోయింది. "ఎవరికైనా ఇవ్వు. మంచివాణ్ని చూసుకో."

"నువ్వు చెయ్యవా?"

కుడిచెయ్యి ఎత్తి నా మొహం ముందు పెట్టాడు. "దీంతోనా?"

గుమ్మంలో కత్తెర పట్టుకుని నిలబడ్డ అక్క, "నాకు రెండున్నాయిగా" అంది.

బావ తిరిగి చూశాడు. "నువ్వా? జన్మలో ఎప్పుడైనా స్పానర్ పట్టావా?"

"పట్టలేదు. మీ పక్కన ఇన్నేళ్లు చెవులు మూసుకుని కూర్చోలేదుగా. మందపాటి రెక్సిన్లో రోజూ సూది దించుతున్నాను. మీ ఇంజను అంతకంటే గట్టిదా?"

"గట్టిదే."

"అయితే చూద్దాం, ఎవరు గట్టో."

 అసలే బండి పోయి ఏడుస్తుంటే గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇదొకటా అనుకున్నాను. కానీ మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మా అక్క మొండితనం ముందు ఆ రాజు కూడా దారి తప్పుకోవాల్సిందే.

మర్నాడు పొద్దున్నే షెడ్డు తలుపు తెరుచుకుంది. అక్క బావ పాత ఖాకీ చొక్కా తొడుక్కుని జుట్టు ముడేసుకుంది. బావ కోసం కుర్చీ తెచ్చి ఇంజను పక్కనే వేసింది. "మీరు చెప్పండి, నేను చేస్తాను. తిట్టాలంటే తిట్టండి, కానీ పని ఆపి తిట్టండి" అంది.

బ్యాటరీ తీగ ఊడదీసి, నీళ్లు దింపి, పైపులు ఒకటొకటే విప్పడం మొదలుపెట్టారు. విప్పిన ప్రతి పైపుకూ, అది ఎక్కాల్సిన చోటుకూ అక్క ఒకే రంగు గుడ్డముక్క కట్టింది. సీటు కవర్లు కత్తిరించగా మిగిలిన ముక్కలు సంచీ నిండా ఉన్నాయి మరి. ఎర్ర పైపుకు ఎర్ర చోటు, నీలానికి నీలం. "ఇదేం పెళ్లిపందిరా?" అని బావ సణిగాడు. కాసేపటికి తనే, "ఆ సన్న గొట్టానికి కూడా ఏదో ఒకటి కట్టు" అన్నాడు.

ఇంజను చక్రాల్ని కలిపి తిప్పే పళ్ల బెల్టు విప్పే ముందు చక్రాల మీద గుర్తు పెట్టాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజను లోపలి భాగాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అక్క కుట్టుసుద్ద తీసింది. "నూనె తగిలితే పోతుంది" అన్నాడు బావ. అక్క లోపలికి వెళ్లి గోళ్లరంగు సీసా తెచ్చి, చక్రం మీదా దాని ఎదురుగా ఇంజను మీదా ఎర్రటి గీతలు గీసింది. బావ ఆ గీతల్ని చాలాసేపు చూశాడు గాని తప్పు పట్టలేకపోయాడు.

అసలు యుద్ధం టర్బో దగ్గర. నత్తగుల్లలా ఉండి ఇంజనులోకి గాలి ఊదుతుంది అది. పొగ వేడికి దాని నట్లు తుప్పుపట్టి కదలమని మొరాయించాయి. నూనె పోసి నానబెట్టి మళ్లీ పట్టినా అంతే.

"ఎడమకి తిప్పమంటే కుడికి తిప్పుతావేంటే!"

"మీ ఎడమకా, నా ఎడమకా?"

"ఎడమ ఎవరికైనా ఎడమే!"

"నట్టు అటువైపు తిరిగుంది, మీరు ఇటు కూర్చున్నారు. ఒకటెలా అవుతుంది? ఒకసారి ఇటొచ్చి చూసి అరవండి!"

బావ కోపంగా లేచాడు. కుర్చీ పట్టుకుని ఇవతలికొచ్చి వంగి చూశాడు. ఆగాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం చూసి ఏమైందోనని నేను పరిగెత్తాను. ఆయన నవ్వుతున్నాడు. జబ్బు చేశాక ఆ నవ్వు వినడం అదే మొదలు. "నువ్వు తిప్పుతున్నదే కరెక్టు. పట్టు చాల్లేదు, అంతే. పైపు తగిలించు" అన్నాడు. స్పానర్ చివర పొడవాటి ఇనప పైపు తొడిగి అక్క ఒళ్లంతా వేసి వాలింది. కీచుమని అరిచి నట్టు వదిలింది. నట్టు కంటే గట్టిగా అక్క అరిచింది. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

ఇంజను తలను, అంటే హెడ్డును, పట్టి ఉంచే బోల్టులు చివర్ల నుంచి మధ్యకు కొంచెం కొంచెంగా వదులు చేసి, గొలుసు కప్పీతో హెడ్డు పైకెత్తాం. గాస్కెట్టు బయటపడింది. రెండు సిలిండర్ల మధ్య నల్లగా కాలిన చీలిక. అక్క దాని మీద వేలు పోనిచ్చి, "కుట్టు పిగిలిపోయినట్టుంది" అంది. బావ ఉక్కు బద్ద హెడ్డు మీద నిలబెట్టించి వెనక నుంచి లైటు వేయించాడు. మధ్యలో సన్నగా వెలుతురు కనబడింది. వేడికి హెడ్డు వంగిందన్నమాట. మోసుకుని లేతు షాపుకు పరిగెత్తాను. పగుళ్లు గనక ఉంటే పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. లేతు ఆయన గాలి నింపి నీళ్లలో ముంచి పరీక్షచేశాడు. "పగుళ్లు లేవు. చదును చేసిస్తాను, పట్టుకెళ్లు" అన్నాడు. ఆ మాటకు ఆయన్ని ముద్దుపెట్టుకోబోయి ఆగాను.

దారిలో కొత్త గాస్కెట్టూ కొత్త బోల్టులూ కొన్నాను. అక్క బల్ల మీద పాత గాస్కెట్టు పరిచి, దాని మీద కొత్తది పెట్టి, గుడ్డ మీద కొలత జాకెట్టు పెట్టినట్టు అంచులు సరిచూసింది. "ఇది మనది కాదు" అంది.

"అన్ని కన్నాలూ సరిపోయాయి కదక్కా?"

"కన్నాలు కాదురా. అంచున చూడు. పాతదానికి మూడు గాట్లు, దీనికి రెండే."

బావ చప్పున లేచాడు. "అమ్మో! ఆ గాట్లు మందానికి గుర్తు. సన్నది పడితే పిస్టన్లకి పైన జాగా చాలదు. చెప్పడం మర్చేపోయాను. నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు. గుడ్డ కత్తిరించేటప్పుడు అంచున గాటు పెడితే దానికో అర్థం ఉంటుంది. ఊరికే ఎవరు పెడతారు?"

బావ నాకేసి తిరిగి, "నిలబడ్డావేంట్రా? మార్చుకురా పో" అన్నాడు. ఆ గదమాయింపులో ఎంత గర్వం ఉందో షెడ్డులో ఉన్న ఇనపముక్కకు కూడా తెలిసిపోయింది.

నేను మూడు గాట్లది తెచ్చేసరికి అక్క ఇంజను పైభాగం అద్దంలా తుడిచి, గుడ్డను వత్తిలా పేని బోల్టు కన్నాల్లో దూర్చి లోపలి తడంతా లాగేసింది. కన్నంలో నీళ్లు నిలిచి ఉంటే బోల్టు బిగిస్తున్నప్పుడు ఇంజనే పగులుతుందట. టర్బో నోళ్లలో చెత్త పడకుండా ముందే శుభ్రమైన గుడ్డలు కుక్కి ఉంచింది. గాస్కెట్టు పరిచాం, హెడ్డు దించాం. విప్పేటప్పుడు చివర్ల నుంచి, బిగించేటప్పుడు మధ్య నుంచి. అక్క కొలత స్పానర్ పట్టింది. సరిపడా బిగువు రాగానే అది టిక్కుమంటుంది. బావ బోల్టుల వరస చెబుతున్నాడు. "మధ్యది. దాని ఎదుటిది. ఇప్పుడు ఈ పక్కది." ముద్దముద్దగా వచ్చే మాట అప్పుడు తడబడలేదు. ఆయన చెప్పడం, టిక్కు. చెప్పడం, టిక్కు.

చివర ఒక్కో బోల్టుకూ గుర్తు పెట్టుకుని, స్పానర్‌కు పైపు తొడిగి ఇంకో పావు చుట్టు తిప్పాలి. అక్క బరువంతా వేసి లాగింది. ఆఖరి బోల్టు సగంలో ఆగిపోయింది. నేను వెళ్లబోతే బావ చేత్తో ఆపాడు. లేచి వెళ్లి ఆమె వెనక నిలబడి, ఎడమచెయ్యి ఆమె చేతుల మీద వేశాడు. కుడిచెయ్యి కూడా పైపు మీద ఆనించాడు, పట్టు లేకపోయినా బరువైతే ఉంది కదా. ఇద్దరూ కలిసి లాగారు. బోల్టు గుర్తు దాకా తిరిగి నిలిచింది.

రంగుల లెక్కన పైపులన్నీ ఎక్కాయి. గోళ్లరంగు గీతలు ఎదురెదురుగా కలిశాయి. కొత్త నూనె, కొత్త నీళ్లు పోశాం. టర్బోలో కాస్త నూనె పోసి, ముందు డీజిలు అందకుండా ఉత్తినే ఇంజను తిప్పించాడు బావ, నూనె అన్ని చోట్లకూ పాకాలని. తర్వాత నన్ను చూసి, "ఇప్పుడు కొట్టు" అన్నాడు.

తాళం తిప్పాను. దగ్గింది. ఇంకోసారి దగ్గింది. అందుకుంది! షెడ్డు నిండా తెల్లటి పొగ. 

"ఆపేయనా బావా?"

"ఆపావో కొడతా! గొట్టంలో మిగిలిన తడి అది. కాలిపోనీ."

చూస్తుండగానే పొగ పల్చబడింది, పోయింది. నీళ్ల డబ్బాలో బుడగ లేదు. ఇంజను నున్నగా, ఒక్క దారం తెగకుండా కుట్టినట్టు తిరుగుతోంది. అక్క చేతులు బానెట్ అంచున ఆనించి కళ్లు మూసుకుని వింది. బావ కూడా విన్నాడు. ఇద్దరి మొహాలూ ఒక్కలాగే ఉన్నాయి.

"ఇక్కడ తిరిగితే ఏం గొప్ప? బరువేసి మిట్ట ఎక్కించు" అంది అక్క.

మిట్ట మీద ఇళ్లకు నేను చేరవేయాల్సిన సామాను ఇంకా ఉంది. బీరువాలు, మంచాలు, రాతి గట్టుబల్ల, మోయగలిగినంత ఎక్కించాను. ముందు ముగ్గురం కూర్చున్నాం. మిట్ట మొదలవగానే తొక్కాను. టర్బో ఈల వేసింది. బండి వెనక నుంచి ఎవరో తోసినట్టు ఎగబాకింది. మా ముగ్గురి చూపూ వేడి ముల్లు మీదే. ముల్లు సగానికి వచ్చి కూర్చుంది, అక్కడి నుంచి కదిలితే ఒట్టు.

పైన సామాను దించి తిరిగొస్తుంటే మీసాలాయన రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తాడు. "కొత్త ఇంజను ఎక్కించావా తమ్ముడూ?"

"లేదన్నా, అదే ఇంజను. గాస్కెట్టు మార్చారు."

ఆయన లోపలికి తొంగిచూసి బావను గుర్తుపట్టాడు. "మేస్త్రీ! చెయ్యి బాగైందా ఏంటి?"

"బాగవలేదు" అన్నాడు బావ. "మా ఆవిడ చేసింది. మొత్తం ఆవిడే. ఆ చేతులు చూడు." అక్క గోళ్ల కింద ఇంకా నల్లటి నూనె ఉంది. ఆమె చేతులు దాచుకోబోయి మానేసింది. మీసాలాయన బానెట్ ఎత్తించి చూశాడు, మూత తీసి నూనె చూశాడు, ఇంజను వేయించి విన్నాడు. "చక్కగా ఉందమ్మా" అన్నాడు చివరికి. మనసులోంచే అన్నాడు.

బండి కదిలాక బావ అక్కతో, "రేపు షెడ్డులో ఆ మూల ఖాళీ చెయ్యాలే. నీ మిషను అక్కడ పడుతుంది" అన్నాడు.

"నా మిషనెందుకు అక్కడికి?"

"నువ్వు ముందు గదిలో కూర్చుంటే పిలవడానికి ప్రతిసారీ నేను నడవాలి."

అక్క కిటికీ అద్దం కిందికి దించి, మొహానికి గాలి కొట్టించుకుంటూ, టర్బో ఈల వినబడాలని నన్ను ఇంకాస్త తొక్కమంది.