తేట నీళ్లు

మా మేనత్త పోయిన సోమవారం కొల్లాపూర్ దవాఖానలో చనిపోయింది. గంప నెత్తిన పెట్టుకొని ఊళ్లు తిరిగేది కాబట్టి మీలో చాలామంది ఆమె దగ్గర చేపలు కొనే ఉంటారు. ఎవరైనా మొప్పలెత్తి మరీ మరీ చూస్తుంటే, "పెండ్లిపిల్లనేమన్న చూస్తున్నవా? తీస్కో" అనేది.

ఎనభైల చివర్లో ఒక వేసవికి చెరువు ముందే ఎండిపోయింది. బురదలో కొట్టుకుంటున్న వేలెడు బొచ్చె చేపపిల్లలను అత్త బిందెలతో మోసి, మామిడితోటలో చెట్ల నీడ పడని చోట ఉన్న సిమెంటు తొట్టిలో వదిలింది. వానలు పడ్డాక వాటిని మళ్లీ చెరువులో వేయాలి. వచ్చే ఏడాది ఆమె బతుకుదెరువు అవే.

తొట్టి నీళ్లు ఎర్రమట్టితో చిక్కగా ఉన్నాయి. నేను బడిపంతులుగా చేరి అప్పటికి ఏడాది. మురికి నీళ్లతో రోగాలొస్తాయని బడిలో చెప్పేది అత్తకూ చెప్పాను.

"చేపకు తేట నీళ్లెందుకురా అల్లుడా?" అంది. కానీ చదువుకున్నవాణ్నని నా మాట కాదనలేదు. పటిక ముక్క తెచ్చి నీళ్లలో తిప్పాను. తెల్లారేసరికి అడుగున పడ్డ మామిడాకు కూడా కనిపించింది. "అద్దం లెక్కయింది" అని మురిసింది.

కొద్ది రోజులకే చేపపిల్లల వీపులు పాలిపోయాయి. ఒంటి మీది జిగురు పోయి చర్మం పొరలుగా లేచింది. అక్కడే దూదిలాంటి బూజు పట్టింది. పొట్టల వైపు మాత్రం ఏమీ కాలేదు. వనపర్తి నుంచి చేపల సంగతి తెలిసిన ఉద్యోగి ఒకాయనను పిలుచుకొచ్చాను.

"ఎండల కంటికి కనపడని కిరణాలుంటయి సారూ, అతినీలలోహిత కిరణాలంటరు. లోతు లేని తేట నీళ్లల్ల అవి సీదా వీపు మీద పడ్తయి. మనకు తోలు మీద సచ్చిన పొర ఒకటి అడ్డం ఉంటది. చేపకు అది లేదు, జిగురొక్కటే. మట్టి నీళ్లే దానికి గొడుగు."

మందు లేదా అని అడిగాను. "నీడ చెయ్యుండ్రి. కాలిందేదో కాలింది" అని సైకిలెక్కాడు.

మట్టి మళ్లీ కలుపుదామన్నాను. "పుండ్ల మీద మన్ను సల్లుతవా?" అంది అత్త. నన్ను కోపంగా అన్న మాట అదొక్కటే. నేను వాగు దాకా పోయి ఈతమట్టలు కొట్టుకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె తొట్టిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కొంగును రెండు చేతులా పరిచి పట్టుకొని ఉంది. మిగిలిన పిల్లలు ఆ కాస్త నీడలో, ఆమె కాళ్ల చుట్టూ చేరాయి.

"బయటికి రా అత్తా, ఎండదెబ్బ తగుల్తది."

"నేనొస్తే ఇవి యాడికి పోతయిరా?"

మట్టలు కప్పినా ఒక్కటీ బతకలేదు. ఆ ఏడు ఆమె కూలికి పోయింది. తర్వాత నేను ఏ సలహా చెప్పినా, "ఏందిరా, మళ్ల పటికేస్తున్నవా?" అని నవ్వేది. నేను నవ్వలేకపోయేవాణ్ని.

చివరిరోజు డాక్టరు ఇక చేసేదేమీ లేదన్నాడు. కిటికీలోంచి ఎండ ఆమె మొహం మీద పడుతోంది. తెర లేదు. మంచం జరపడానికి చోటు లేదు. నేను అడ్డంగా నిలబడ్డాను. ఆమె కళ్లు తెరవలేదు. ఎండ జరిగినప్పుడల్లా నేనూ కొంచెం జరిగాను.