వన్ బై టూ బడ్జెట్

హోటల్లో ఇప్పుడు వన్ బై టూ కాఫీ అడిగితే సర్వరు ముందు మన చొక్కా వైపు చూస్తాడు. ఆ చూపు నాకు నచ్చదు. ఒక కాఫీని ఇద్దరు చెరిసగం తాగడం బెంగళూరు నాగరికత అని అతనికెవరూ చెప్పినట్టు లేదు.

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, బి.కాం. ప్యాసైనవాడికి లోకంలో రెండే రకాల ఖర్చులు కనిపించేవి: మారేవి, మారనివి. మూడో రకం ఒకటుందని పుస్తకాల్లో రాయలేదు. ఉద్యోగ దరఖాస్తులకు జవాబుల కోసం ఎదురుచూస్తూ (వాళ్ళేమీ తొందరపడలేదు) బెంగళూరు పక్కనే యలహంకలో మా ఇంట్లో కూర్చున్నాను. అమ్మ ఇంట్లోనే అప్పడాలు చేయించి అమ్మేది. రోజుకూలికి ఒత్తడానికి వీధిలోని నలుగురు ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళ పెద్దను, మాటలోని ఘాటు వల్ల, మిరియాలక్క అనేవాళ్ళం. ఒకరోజు పెళ్ళి వంటల కాంట్రాక్టరు వచ్చి, "ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాది దాకా అన్ని పెళ్ళిళ్ళకూ మీ అప్పడాలేనమ్మా. కానీ ఏడాదంతా ఒకటే రేటు చెప్పాల. ముందు మూడు రోజుల్లో వెయ్యి చేసియ్యండి, సన్నగా ఉంటే మాట ఖాయం" అన్నాడు. రేటు తక్కువ చెబితే నష్టం, ఎక్కువ చెబితే ఆయన మళ్ళీ రాడు. అమ్మ ముఖం చూస్తే నాకే భయం వేసింది. "ఏమిరా, ఇంత చదివినావు గదా, ఏడాది ఖర్చు ఎంతయితాదో రాసియ్యి" అంది.

రాశాను. ఉద్దిపప్పు (అదే, మినప్పప్పు), మిరియాలు, ఇంగువ, నూనె, కూలి, కిరసనాయిలు. మొత్తం అనుకున్నదానికంటే చాలా ఎక్కువొచ్చింది. ఎక్కడ కోయాలా అని వెతికితే నా పెన్సిలు కాఫీ దగ్గర ఆగింది. నలుగురికి, రోజుకు రెండుసార్లు, ఏడాది పొడుగునా! హోటల్లో చెల్లే పద్ధతి ఇంట్లో ఎందుకు చెల్లదు? "కాఫీ: వన్ బై టూ" అని రాసి కింద రెండు గీతలు గీశాను. "వద్దురా" అంది అమ్మ. "లెక్క ప్రకారం..." అన్నాను. లెక్క అనే మాటకు అప్పట్లో మా ఇంట్లో గౌరవం ఉండేది.

మర్నాడు పదకొండింటికి సగం లోటాల కాఫీ నేనే అందించాను. మిరియాలక్క లోటాలోకి తొంగిచూసి, "ఏమప్పా, పాలు విరిగినాయా?" అంది. "లేదక్కా, బడ్జెట్" అన్నాను. "ఓహో" అంది. అంతే. ఎవరూ కోప్పడలేదు, పనీ ఆగలేదు. మధ్యాహ్నానికి పిండి ముక్కాలు భాగం అయిపోయింది. చాపల మీద అప్పడాలు మాత్రం మూడువందలు లేవు. ఒకటి ఎత్తి చూశాను. చపాతీ మందం ఉంది, దాంతో కూర నంజుకోవచ్చు. పిండిని సరిగ్గా వెయ్యికి కొలిచి, పిడికెడు కూడా మిగలకుండా తెప్పించింది నేనే. పైగా మబ్బు. ఆకాశం చూడ్డానికి మిద్దె మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో. అమ్మ తిడితే బాగుండేది. తిట్టలేదు.

లోపలికెళ్ళి నాలుగు లోటాలు నురగ అంచు దాకా పోసి తెచ్చింది. మిరియాలక్క తాపీగా తాగి, మూతి తుడుచుకుని, మబ్బు కేసి చూసింది. "ఎండ రాకపోయింది మేలయింది, ఇంకా పచ్చిగానే ఉండాయి. అన్నీ రోట్లో వేసి దంచండే" అంది. సాయంత్రానికి నా లెక్కల పుస్తకం మీద పెడితే అంకెలు కనిపించేంత సన్నటి అప్పడాలు తయారయ్యాయి. మర్నాడు ఎండ కాసింది. నిండు లోటాల కాఫీ ఖర్చు కూడా కలిపి అమ్మ చెప్పిన రేటుకు కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు కూడా.

ఆ నల్ల అట్ట పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. అంత గట్టిగా రెండు గీతలు గీసిన కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు జాలి, దాని వెనకే నవ్వు. కాంట్రాక్టరు వెళ్ళాక, దిద్దిన బడ్జెట్టును నలుగురి ముందూ పప్పు నుంచి కిరసనాయిలు దాకా గర్వంగా చదివి వినిపించాను. మిరియాలక్క అంతా విని, చేతుల పిండి దులుపుకుంటూ అడిగింది:

"అన్నీ బాగుండాయి గానీ అప్పా, పొద్దస్తమానం కూర్చోని మూడు పూటలా తింటా ఉండావే, నీ ఖర్చు యాడ రాసినావు?"